పైకా, కిందికా?

హనుమకొండ చౌరస్తా దాటి కొంచెం ముందుకొస్తే ఒక సందు మొదట్లో నా జిరాక్స్ షాపు ఉంటుంది. 2005లో తెరిచినప్పుడు దీన్ని నెట్ సెంటర్ అనేవాళ్లు. ప్లైవుడ్ చెక్కలతో ఆరు క్యాబిన్లు, గంటకు 20 రూపాయలు. 2016 తర్వాత ఫోన్లలో డేటా చవకైపోయి క్యాబిన్లలో కూర్చునేవాళ్లు కరువయ్యారు. చెక్కలు ఊడదీయించి జిరాక్స్ మిషన్, స్కానర్, లామినేషన్ మిషన్ పెట్టుకున్నాను. పేరు మారింది గానీ పని మారలేదు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఎవరికి ఏం కావాలంటే అది వెతికి ఇవ్వడమే. హాల్ టికెట్, రిజల్ట్, కులం సర్టిఫికెట్ దరఖాస్తు, రైలు టైము. "అన్నా, జర గూగుల్ల కొట్టి సూడు" అని రోజుకు ఎంతమంది అంటారో లెక్కలేదు.

అంటే వెతకడం నా పొట్టకూడు. అలాంటివాణ్ని ఆరు మిరప మొక్కల ముందు బేజారైపోయి, ముక్కూ మొహం తెలియని వందల మంది ఉన్న గ్రూపులో "మందు చెప్పగలరు" అని అడుక్కోవాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. అడిగేవాళ్లంటే నాకు చిరాకు. షాపు ముందు పెద్ద బోర్డు రాయించి పెట్టాను. జిరాక్స్ ఎంత, కలర్ ఎంత, పాస్‌పోర్టు ఫోటోలు ఎన్నికి ఎంత, ఏ దరఖాస్తుకు ఏ కాగితాలు తేవాలి, అన్నీ ఉంటాయి. సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి "జిరాక్స్ ఎంతన్నా?" అంటారు. "బోర్డు మీద రాసి ఉంది కదా" అంటాను. నేను పోయాక సమాధి మీద కూడా అదే రాయిస్తానని మా ఆవిడ బెదిరిస్తుంటుంది. జూన్ వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఇంటర్ అయిపోయిన పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో చేసే 'దోస్త్' రిజిస్ట్రేషన్, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. ఒకే ప్రశ్న, ఒకే రోజు, నలభై మంది. పోయినేడు చెప్పిందే ఈ ఏడు మళ్లీ మొదటి నుంచి.

ఇంటర్నెట్ కొత్తల్లో అమెరికాలోనూ ఇదే గోలట. అప్పట్లో యూజ్‌నెట్ అని చర్చా బృందాలు ఉండేవి. ఏటా సెప్టెంబర్‌లో యూనివర్సిటీల్లో కొత్త బ్యాచ్ చేరగానే, పాతవాళ్లు వందసార్లు చెప్పి వదిలేసినవాటినే వచ్చి మళ్లీ అడిగేవాళ్లు. కొన్నాళ్లకు పద్ధతి తెలిసి సర్దుకునేవాళ్లు. తర్వాత మామూలు జనానికి కూడా తలుపులు తెరిచేసరికి కొత్తవాళ్ల రాక ఇక ఆగనేలేదు. 1993 సెప్టెంబర్ ఇంకా అయిపోలేదని పాతకాపులు జోక్ వేసుకుంటారు. పదే పదే అడిగేవాటికి జవాబులు ఒకచోట రాసి పెట్టడం, ఎఫ్ఏక్యూ అంటాం చూడండి, అది బాగా అలవాటైంది కూడా ఆ బృందాల్లోనే. ఇది చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లకు సెప్టెంబర్, మాకు జూన్. వాళ్లూ బోర్డు రాశారు, నేనూ రాశాను. చదివేవాడు అక్కడా లేడు, ఇక్కడా లేడు.

ఇక మిర్చి సంగతి. మా ఇంట్లో ఏటా మార్చిలో ఏడాదికి సరిపడా కారం పట్టిస్తాం. ఎనుమాముల మార్కెట్లో తెలిసినాయన ఉన్నాడు, ఆయన ద్వారా ఎండు మిర్చి తెస్తాను. ఆ సీజన్‌లో ఆ రోడ్డు మీద బండి నడపాలంటే ముక్కుకు దస్తీ కట్టుకోవాల్సిందే. ఘాటుకు తేజ, రంగుకు చపాటా, రెండూ కలిపి పట్టించడం మా అమ్మ నాటి లెక్క. చపాటా తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, కాయ గుండ్రంగా, ఎర్రగా టమాటాలా ఉంటుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం చెయ్యి కడుక్కున్నా పోదు. 2025లో వరంగల్ పేరు మీదే దీనికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా చోటి పంట అన్న గుర్తింపు, వచ్చింది.

మిద్దె మీద ఎండబోసి, తొడిమలు తీసి, గిర్నికి తీసుకుపోయాం. రాలిన గింజలు మూలన పగిలిపోయి పడున్న తులసి కుండీలో పడ్డాయి కాబోలు, వానలు మొదలవగానే అందులో పది పన్నెండు మొలకలు లేచాయి. మిరప నారే అంది మా ఆవిడ. పీకి పారేయబుద్ధి కాలేదు. షాపు పక్కన రంగుల దుకాణంలో 20 లీటర్ల ఖాళీ బకెట్లు ఆరు అడిగి తెచ్చాను. ఇనుప చువ్వ కాల్చి అడుగున రంధ్రాలు పెట్టి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపి, బకెట్‌కు ఒక్క మొక్క చొప్పున నాటాను.

అంతవరకు సెర్చే నా గురువు. ఎన్ని రంధ్రాలు పెట్టాలి, మట్టి ఎంత ఎరువు ఎంత, నారు ఎన్ని ఆకులు వేశాక నాటాలి, ఇవన్నీ రెండు నిమిషాల్లో దొరికాయి. రాత్రి పన్నెండింటికి అడిగినా సెర్చ్ విసుక్కోదు. "గిది గూడ తెల్వదా" అనదు. రోజంతా జనం మీద విసుక్కునే నాకు, రాత్రి ఎవరి ముందూ చిన్నబోకుండా నేర్చుకునే వీలుంటే అంతకంటే ఏం కావాలి?

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, గునుగు పూలకు రంగులద్ది మిద్దె మీద ఆరబెడుతూ మా ఆవిడ కేకేసింది. "ఏమయ్యా, మిరప చెట్లు గట్లయినయేంది?"

వెళ్లి చూశాను. కొసల్లో లేతాకులు ముడుచుకుపోయి గోరంత కూడా లేవు. పూత వచ్చినట్టే వచ్చి కింద రాలి ఉంది. ఆరింటికీ అదే వరస.

సెర్చ్ తెరిచి ఇంగ్లీషులో కొట్టాను. వచ్చినవన్నీ కలిపి చదివితే తేలింది ఇదీ. నీళ్లు ఎక్కువైతే ఆకు ముడుచుకుంటుంది. తక్కువైనా ముడుచుకుంటుంది. ఎండ ఎక్కువైనా, కాల్షియం తక్కువైనా, వైరస్ సోకినా, పురుగు పట్టినా, పక్క చేలో కొట్టిన కలుపు మందు గాలికి కొట్టుకొచ్చినా ముడుచుకుంటుంది. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. నా బకెట్లో ఉన్నది ఏదన్నదే తెలియదు. ఒక పేజీలో 90 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుందని ఉంది. 90 డిగ్రీలంటే ఇంచుమించు చాయ్ మరిగే వేడి కదా, ఆ ఎండకు పూత మాట అటుంచి చూడ్డానికి మనిషి మిగులుతాడా అనుకున్నాను. కాసేపటికి వెలిగింది, అది ఫారన్‌హీట్. మన లెక్కలో 32. ఇంకో పేజీ "ఆఖరి మంచు గడ్డకట్టడం అయిపోయాక నాటండి" అంది. వడ్డేపల్లి చెరువు గడ్డకట్టేదాకా ఆగితే నా మనుమలు కూడా పచ్చిమిర్చి మొహం చూడరు.

తెలుగు వీడియోలు చూశాను. పదకొండు నిమిషాల వీడియో ఒకటి. తొమ్మిదో నిమిషం దాకా ఛానల్ గొప్పలు, ఆ తర్వాత వేపనూనె. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు. అందులో తప్పేం లేదు. ఏ వేళ కొట్టాలో చెప్పారో లేదో, నేను తోసేసిన ఆ తొమ్మిది నిమిషాల్లో చెప్పారేమో. ఆదివారం షాపు బంద్ కదా, తీరిక దొరికిందని మిట్ట మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టాను. మర్నాటికి రెండు మొక్కల ఆకులు అంచులు మాడి గోధుమ రంగుకు వచ్చాయి. నూనె అంటిన ఆకు ఎండకు కాలుతుంది, పొద్దు వాలాక కొట్టాలి. ఇప్పుడు చెప్పమంటే ఎంత బాగా చెప్తున్నానో చూడండి.

మా మేనల్లుడు ఊరుకోకుండా ఏదో ఏఐ యాప్‌కు ఫోటో చూపించాడు. మెగ్నీషియం లోపం అంది. ఎంత ధీమాగా చెప్పిందంటే, "నిజమేనా" అని అడగడానికి మాకే మొహమాటమేసింది.

ఇక గ్రూపు. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపి మేం ట్రైసిటీ అంటాం. ఈ ట్రైసిటీ మిద్దె తోటల వాళ్ల వాట్సాప్ గ్రూపులో 2021లో నన్నెవరో చేర్చారు. గుడ్ మార్నింగ్ పూల దెబ్బకు ఎప్పుడో మ్యూట్ చేసి పెట్టుకున్నాను. ఆ రాత్రి తెరిచి, టైప్ చేసి, తుడిపేసి, మళ్లీ టైప్ చేశాను. ఇరవై ఏళ్లుగా కౌంటర్‌కు లోపలి వైపు కూర్చున్నవాణ్ని, బయటి వైపు నిలబడటం ఎంత టెన్షనో అప్పుడు తెలిసింది. చివరికి ఇలా పంపాను: "సార్, మా మిర్చి మొక్కలకు ఏదో రోగం వచ్చింది. మందు చెప్పగలరు." దానికి తోడు తొమ్మిదిన్నరకు ఫ్లాష్ వేసి తీసిన ఫోటో. అందులో మొక్క కంటే వెనకున్న నీళ్ల ట్యాంకే బాగా పడింది.

పది నిమిషాల్లో ఇరవై జవాబులు. పుల్ల మజ్జిగ కొట్టండి. బూడిద చల్లండి. పీకి పారేయండి, పక్కవాటికి అంటుకుంటుంది. దిష్టి తగిలింది, ఎండుమిర్చి తిప్పి పారేయండి (మిర్చికి మిర్చితోనే దిష్టి తీయాలట). ఒకాయన ఏదో మందు పేరు పెడితే ఇంకొకాయన "విషం తినడానికా మిద్దె తోట?" అని లేచాడు. ఇద్దరూ అరగంట కొట్టుకున్నారు. అడ్మిన్ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ గలాటా మధ్యలో ఒక మెసేజ్: "ఇది వందసార్లు అడిగారు. ముందు పాత మెసేజ్‌లు వెతికి చూసుకోండి."

బోర్డు మీద రాసి ఉంది కదా. నా మాటే నాకు తిరిగొచ్చింది.

సరే, వెతుకుదామనే చూశాను. ఏమని వెతకాలి? "రోగం" అని కొట్టాను. 2021 నాటి కరోనా మెసేజ్‌లు బారులు తీరాయి. "మందు" అని కొడితే దసరా జోకులు వచ్చాయి. అక్కడే నాకు ఒక సంగతి తట్టింది. రోజంతా జనానికి వెతికిపెట్టే నాకు ఇన్నేళ్లూ తట్టనేలేదు. నా దగ్గరికొచ్చేవాళ్లకు హాల్ టికెట్ అనే మాట తెలుసు, ఆ మాట కొడితే అది వస్తుంది. పేరు తెలిసినదాన్ని వెతకడం సులువు. నాకు తెలిసింది "ఏదో అయింది" అన్నంతవరకే. ఏదో అయింది అని కొడితే ఏదో ఒకటి వస్తుంది.

పదిన్నరకు కాజీపేట నుంచి ఒక మేడమ్ మెసేజ్ పెట్టారు. రిటైరైన టీచర్ అని తర్వాత తెలిసింది. ఆవిడ మందు చెప్పలేదు. ఎదురు ప్రశ్నలు వేశారు.

"ముడత పైకా, కిందికా? లేతాకులా, ముదురువా? మొక్క వయసెంత? ఇప్పటివరకు ఏమేం కొట్టారు, ఎన్ని రోజులైంది? పొద్దున వెలుతుర్లో ఆకు అడుగు వైపు ఫోటో పెట్టగలరా?"

పైకా, కిందికా. వారం నుంచి రోజుకు మూడుసార్లు ఆ మొక్కల ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నాను. అయినా నాకు తెలియదు. ముడుచుకుందని చూశాను గానీ ఎటు ముడుచుకుందో చూడలేదు. ఆ రాత్రప్పుడు ఫోన్ టార్చి పట్టుకుని మళ్లీ మిద్దెక్కాను. ఒక కొసను వేళ్ల మధ్య పట్టుకుని దగ్గరగా చూశాను. ఆకు అంచులు రెండూ కిందికి వంగి, నీళ్ల మీద బోర్లించిన పడవలా ఉంది. లేతాకులే. ముదురాకులు చక్కగా పరుచుకునే ఉన్నాయి. ఇంకోటి కూడా అప్పుడే కనిపించింది. ఆకు చిన్నదైపోయింది గానీ కాడ మాత్రం సన్నగా పొడుగ్గా సాగి ఉంది.

"కిందికి, మేడమ్. లేతాకులే. నాటి మూడు నెలలు. వేపనూనె కొట్టాను, నాలుగు రోజులైంది" అని పంపాను. "అయితే నల్లి అయి ఉంటుంది, మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చేది. రేపు కొసను తెల్ల కాగితం మీద తట్టి చూడండి. సన్నటి తౌడు పొట్టులాంటివి రాలి పాకితే తామర పురుగులు. ఏమీ కనిపించకపోతే నల్లి మీదే అనుమానం. అది కంటికి ఆనదు. గంధకం పని చేస్తుంది, కానీ నూనె కొట్టి రెండు వారాలు కాకముందు మాత్రం కొట్టకండి, ఆకు మాడుతుంది" అన్నారు. అప్పటిదాకా ముడుచుకున్న కొసలు గిల్లి కవర్లో కట్టి పారేయమన్నారు. గంధకం పేరెత్తగానే విషం గురించి గొడవపడ్డాయన మళ్లీ లేచాడు. సేంద్రియ సేద్యంలో కూడా దానికి అనుమతి ఉందని ఆవిడ ఒక్క ముక్కలో చెప్తే సద్దుమణిగాడు.

తెల్ల కాగితానికి నా దగ్గర కరువా? మర్నాడు రెండు కొసలు తుంచి కవర్లో షాపుకు తెచ్చి, ఏ4 కాగితం మీద తట్టాను. ఏమీ పాకలేదు. ఫోన్‌తో తీస్తే అంతా మసక. అప్పుడు స్కానర్ గుర్తొచ్చింది. ఆకును బోర్లా గాజు మీద పెట్టాను. ముడుచుకున్న ఆకు పరుచుకోదు కదా, మూత వేసి దాని మీద ఆధార్ జిరాక్సుల కట్ట బరువు పెట్టాను. ఆధార్ కార్డు స్కాన్ చేయడానికి 300 డీపీఐ చాలు. నేను 1,200 పెట్టాను. స్కానర్ కిర్రు కిర్రుమంటూ నత్తలా కదిలింది.

ఈలోగా కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. నర్సంపేట వైపు నుంచి బస్సు దిగి వచ్చాడట. చేతిలో పట్టా పాస్‌బుక్కు, నలిగిన ఫారం ఒకటి.

"బిడ్డా, గీడ ఏం రాయాలె?"

"అన్నీ బోర్డు మీద ఉన్నయి బాపూ, సూడు."

ఆయన బోర్డు వైపు చూశాడు. కాసేపు చూశాడు. "అద్దాలు తేలే బిడ్డా" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఈ మాట వందలసార్లు విన్నాను. అద్దాలు నిజంగా మరిచిపోయి వచ్చేవాళ్లు కొందరు. చదువు రాలేదని చెప్పుకోలేక అద్దాల మీద పెట్టేవాళ్లు కొందరు. ఇద్దరికీ ఆ బోర్డు ఒకటే. నాకు ఏమనాలో తోచలేదు. అప్పుడే తెర మీద ఆకు వచ్చింది, తెరంత పెద్దగా. ఈనెలు కాలువల్లా, మధ్య ఈనె పక్కన అక్కడక్కడా తెల్లటి చుక్కలు, సన్న పంచదార చల్లినట్టు.

"గిదేంది, మిరపాకా?" పెద్దాయన మెడ చాచి చూశాడు.

"అవ్ బాపూ. మిద్దె మీద పెట్టిన."

"కింది ముడుత కొట్టింది. నల్లి."

"ఎట్ల తెలిసింది? గీ తెల్ల చుక్కలేనా?"

"చుక్కలు నాకేం కనవడ్తయి? కాడ సూడు, ఎట్ల సాగిందో. ఎలుక తోక లెక్క. పైకి లేస్తె తామర పురుగు, కిందికి వంగితె నల్లి. నల్లి కంటికి ఆనదు బిడ్డా, ఆకే సెప్తది."

అంతటితో ఆపలేదు. 2021లో ఆయన రెండెకరాల మిర్చి ఎట్లా పోయిందో చెప్పాడు. నల్ల తామర పురుగు అట, ఆకుల్లో కాదు, పూలల్లో దూరింది. పాత తామర పురుగుకు కొట్టే మందులన్నీ కొట్టినా చావలేదు. డీలరుకు తెలియదు, పక్క చేనువాళ్లకు తెలియదు. ఆ ఏడు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు చాలా చేన్లు దున్నేశారు. తర్వాత దాని గురించి చదివాను. బయటి దేశం నుంచి వచ్చిన పురుగు, పేరు త్రిప్స్ పార్విస్పైనస్. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి పట్టుకున్నారు. మన మిర్చి చేన్ల మీద పడ్డ ఆ సీజన్‌లో రైతు నోట్లో దానికి పేరే లేదు. నాకు ఒక్క వారం ఆరు బకెట్ల ముందు మాట దొరక్కపోతేనే అంత బేజారైంది. ఆయన రెండెకరాల ముందు అలాగే నిలబడ్డాడు.

ఫారం నేనే నింపాను. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను. జిరాక్స్ పైసలు మాత్రం తీసుకున్నాను. ఇవ్వకపోతే ఆయన ఊరుకునే రకం కాదు, తీసుకోకపోతే నేనూ ఊరుకునే రకం కాదు.

ఆయన వెళ్లగానే సెర్చ్ తెరిచి ఈసారి తెలుగులో కొట్టాను: మిరప కింది ముడత నల్లి. వారం రోజులు నన్ను అమెరికా అంతా తిప్పిన అదే సెర్చ్, ఒక్క చూపులో వ్యవసాయ శాస్త్రవేత్తల తెలుగు వ్యాసాలు తెచ్చి ముందు పోసింది. తిరగబడిన పడవ ఆకారం, సాగిన కాడ, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అన్నీ వరసగా ఉన్నాయి. వ్యవసాయ పరిశోధన స్థానం ఒకటి ములుగు రోడ్డులోనే ఉంది, నా షాపు నుంచి బండి మీద పోయేంత దూరం. ఆ వ్యాసాలు అంతకుముందూ అక్కడే ఉన్నాయి. నా దగ్గర "కింది ముడత" అన్న రెండు మాటలు లేవు, అంతే తేడా.

గంధకం కొనడం ఇంకో తమాషా. మందుల దుకాణంలో 3 గ్రాములు కావాలంటే నా మొహం చూసి నవ్వారు. అర కిలో ప్యాకెట్ కంటే చిన్నది లేదన్నారు. తెచ్చాక 3 గ్రాములు తూచేది ఎలా? మా సందులో కంసాలి ఉన్నాడు. బంగారం తూచే తక్కెడలో, ఆయన ముక్కు మూసుకుంటూ, 3 గ్రాములు తూచి పొట్లం కట్టి ఇచ్చాడు. కాలు గ్రాము ఎక్కువైతే తీసేశాడు కూడా, అలవాటు కొద్దీ. రెండు వారాలు ఓపిక పట్టి, పొద్దు వాలాక, ఆకుల అడుగుకు తగిలేలా కొట్టాను. పది రోజులకు ఇంకోసారి.

మధ్యాహ్నం నూనె కొట్టి మాడ్చిన రెండింటిలో ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికీ బతకనట్టు ఉంది. మిగతా నాలుగు చిగురేశాయి. సంక్రాంతికి రెండు మొక్కల నిండా గుండ్రటి కాయలు, రెండింటికి సన్నగా పొడుగ్గా, కళ్లల్లో నీళ్లు తెప్పించేవి. తేజ గింజలూ కలిసి రాలాయన్నమాట. నాటేటప్పుడు ఆరూ చపాటానే అని అందరికీ చెప్పుకున్నాను.

గ్రూపు గొప్పది, సెర్చ్ చెడ్డది అని నేను అనను. గ్రూపులో ఇరవై మంది చెప్పిన ఇరవైలో పనికొచ్చింది ఒక్కటే, అదీ జవాబు కాదు, ప్రశ్న. ఆ మేడమ్ ఆ రాత్రి ఫోన్ చూడకపోయి ఉంటే ఈపాటికి పుల్ల మజ్జిగ కొడుతూ ఉండేవాణ్ని. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆవిడ అడిగిన ఆ ప్రశ్నలు ఇప్పటికి ఎన్ని వందల గుడ్ మార్నింగ్‌ల కింద కూరుకుపోయాయో. వాట్సాప్ గ్రూపు లోపలికి సెర్చ్ తొంగి చూడలేదు. ఒక్కో గ్రూపులో 1,024 మందికే చోటు, మాది నిండి రెండోది కూడా పెట్టారు. మొదటి గ్రూపులో చెప్పింది రెండో గ్రూపువాళ్లకు తెలియదు. రోజూ మనవాళ్లు మన మట్టి గురించి, మన ఎండ గురించి, మన పురుగుల గురించి అంత చెప్తున్నా, బయట వెతికేవాడికి దొరికేది మళ్లీ ఆ 90 డిగ్రీల పేజీనే. అందుకే ఆవిడను అడిగి, ఆ ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు పైన రాసి పెట్టాను. ఎవరైనా "మిరప ఆకు ముడుచుకుంది" అని తెలుగులో కొడితే ఇది తగలొచ్చు.

షాపులో నేనేం మారిపోలేదు. విసుగు అలాగే ఉంది. ఒక్కటి మాత్రం చేస్తున్నాను. నిన్న ఒక పిల్లాడు వచ్చి "అన్నా, ఫోటో 20 కేబీకి తగ్గించు" అన్నాడు. ఇదివరకైతే తగ్గించి ఐదు రూపాయలు తీసుకుని పంపేవాణ్ని, వాడు గంటకు మళ్లీ వచ్చేవాడు. ఈసారి "ఏ ఫారానికి? ఏం వస్తుంది స్క్రీన్ మీద?" అని అడిగాను. చూస్తే ఫోటో బాగానే ఉంది, సంతకం సైజు ఎక్కువైందని తిప్పి కొడుతోంది. వాడికి తెలిసిన మాట ఫోటో ఒక్కటే. దానికి కూడా ఐదు రూపాయలే తీసుకున్నాను. పట్టిన టైము మాత్రం మూడింతలు.

గంధకం ప్యాకెట్ ఇంకా షాపులోనే, టోనర్ డబ్బాల పక్కన ఉంది. అర కిలోలో వాడింది గట్టిగా పది గ్రాములు కూడా లేదు. ట్రైసిటీలో ఎవరి మిద్దె మీదైనా కింది ముడత వస్తే వచ్చి కొంచెం పట్టుకుపోండి. లీటరుకు ఎంత కలపాలని మాత్రం అడగొద్దు, ప్యాకెట్ మీద రాసి ఉంది.